నాన్నలో దొరకని తప్పు

బెల్లం పాకానికొచ్చే వేళకు పరదేశి చేతిలోంచి తెడ్డు జారిపోయింది.

చోడవరం చుట్టుపక్కల ఎక్కడ చెరకు గానుగ ఆడినా రసం కాచే పెనం దగ్గర నిలబడే మనిషి పరదేశే. రావికమతం వాళ్ళు పిలిచినా, దేవరాపల్లి వాళ్ళు పిలిచినా వెళ్ళేవాడు. బెల్లం కాలం వచ్చిందంటే ఇంటిపట్టున ఉండేవాడు కాదు. చెరకురసం పొంగి, నురుగు కట్టి, చిక్కబడి, ఇక దించకపోతే మాడిపోతుందనే ఆ ఒక్క క్షణం ఆయన ముక్కుకు తెలిసేది. అలాంటి మనిషి ఆ రోజు వంగి తెడ్డు అందుకోబోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. ఎడంచేత్తో తీసి కుడిచేతిలో పెట్టుకున్నాడు. మళ్ళీ జారింది. ఇంకొకడు పరుగెత్తుకొచ్చి తెడ్డు వేసేసరికి పెనమంతా నల్లబడింది.

"సెయ్యి తిమ్మిరెక్కినాది," అన్నాడు పరదేశి, ఎవరూ అడక్కుండానే.

ఆయన కూతురు కావేరి అప్పుడు అక్కడే ఉంది. గానుగ పక్కన ఆరేసిన చెరకుపిప్పిని గోనెసంచిలోకి ఎత్తుకుంటోంది. పొయ్యిలో పెట్టుకునే పిప్పి ఆమెకెందుకంటే, అదే ఆమె చదువు. విశాఖపట్నం యూనివర్సిటీలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. పిప్పిని కడిగి, గాలి తగలని కొలిమిలో కాల్చి, ఆ నల్లటి బొగ్గుపొడితో బేటరీలు చేస్తుంది. ఫోన్లలో, బళ్ళలో ఉండే లిథియం మన నేలలో దొరకడం కష్టం. ఉప్పులో ఉండే సోడియం మాత్రం కావలసినంత. ఆ సోడియంతో నడిచే బేటరీలో ఒక ధ్రువానికి పిప్పిబొగ్గు బాగా పనికొస్తుంది. ప్రపంచంలో చాలాచోట్ల చేస్తున్న పనే. కావేరి చేసే బేటరీ చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది, అంతే. కానీ పరదేశికి అదేం చిన్న విషయం కాదు. పిప్పి సంచి భుజాన వేసుకుని బస్సెక్కి, కండక్టరు ఏమిటది అనకముందే, "మా గుంట దీంతో కరెంటు నిలవ సేస్తాదండి బాబూ," అని కూతురి గురించి చెప్పుకునేవాడు. ఆ బస్సులో వాళ్ళంతా నవ్వినా సరే.

ఆ సంచి ఈసారి ఆయన ఎత్తలేకపోయాడు. కావేరే ఎత్తుకుంది.

మొదట నరం పట్టేసిందన్నారు. పక్కింటి దేముడమ్మ వేడి ఆముదం రాసి తోమింది. ఊళ్ళో డాక్టరు ఇంజెక్షన్లు చేశాడు. చెయ్యి సన్నబడింది. బొటనవేలి పక్కన కండ దిగిపోయి గుంట పడింది. భుజం మీద చర్మం కింద ఏవో పురుగులు పాకుతున్నట్టు కండరాలు వాటంతట అవే అదిరేవి. "లోపల ఏటో ఉన్నాదే," అని నవ్వుతూ కూతురికి చూపించేవాడు. నడుస్తూ నడుస్తూ కాలు ఈడ్చడం మొదలయ్యాక కావేరి ఆయన్ను విశాఖపట్నం తీసుకెళ్ళి, నరాల డాక్టరు దుర్గాదేవికి చూపించింది.

ఆవిడ తీరికగా చూసింది. చేతులు నెట్టమంది, నాలుక చాపమంది, మోకాలి మీద సుత్తితో కొట్టింది. కండల్లోకి సూదులు గుచ్చి చేసే పరీక్ష చేయించింది. అన్నీ అయ్యాక పరదేశినీ భార్య పైడితల్లినీ బల్ల మీద కూర్చోబెట్టి, కావేరిని పక్కకు పిలిచింది.

"మీరు రీసెర్చ్ చేస్తున్నారు కదమ్మా, మీకు చెబితే అర్థమవుతుంది," అని మొదలుపెట్టి, మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పింది.

కావేరికి అర్థమయింది. అదే ఆమె ఖర్మ. కండరాలకు ఆజ్ఞలు పంపే నరకణాలు ఒకటొకటిగా చచ్చిపోతున్నాయి. మొదట చేతులు, తరవాత కాళ్ళు, తరవాత నాలుక, మింగడం, చివరికి ఊపిరి. తెలివికి ఏమీ కాదు, అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ఎందుకొస్తుందో చాలామంది విషయంలో ఎవరికీ తెలియదు. ఒక మాత్ర ఉంది, అది జబ్బును కొంచెం వెనక్కి లాగుతుంది. ఆపదు.

తిరిగి వస్తుంటే బస్సులో పైడితల్లి అడిగింది: "ఏటన్నాదే డాక్టరమ్మ?"

"నరాలు నీరసించేయట."

"బలానికి రాసిందా?"

"మాత్ర రాసింది."

"పోనీలే, మందున్న జబ్బే," అంది పైడితల్లి. పరదేశి కిటికీలోంచి సబ్బవరం కొండల్ని చూస్తున్నాడు.

అప్పట్నుంచి కావేరి బేటరీల గురించి చదవడం మానేసింది. యూనివర్సిటీ కంప్యూటర్లో ప్రపంచంలోని శాస్త్రపత్రికలన్నీ తెరుచుకుంటాయి. కొలిమిలో పిప్పి కాలుతున్నంతసేపూ ఆమె నరకణాల గురించి చదివేది. జీవశాస్త్రం ఇంటర్‌తోనే వదిలేసిన పిల్ల, ఒక్కో మాట వెతుక్కుంటూ, ఒక్కో బొమ్మ దగ్గర ఆగుతూ చదివింది. జబ్బుపడిన కణంలో ఒక ప్రోటీను ఉండవలసిన చోటు వదిలేసి బయటికొచ్చి ఉండలు కడుతుందట. ఆ ఉండల్ని కరిగించే మందు ఒకచోట కనిపెట్టారు. గబగబా కిందికి చదివితే, ఎలకల్లో. చచ్చిపోతున్న కణాలకు కొత్త కణాల్ని అండగా పెట్టారు మరొకచోట. అదీ ఎలకల్లోనే. ఇంకొక మందు మనుషులకే ఇచ్చి చూశారు, చాలా ఆశ పెట్టుకున్నారు, చివరికి మందే లేని ఉత్త మాత్రకూ దానికీ తేడా లేదని తేలింది. వారం తిరిగేసరికి మరో శుభవార్త వచ్చేది. ప్రపంచంలో ఇంతమంది ఇన్ని రకాలుగా ఆ జబ్బు మీద పడి ఉన్నారని తెలిస్తే ధైర్యం రావాలి. ఆమెకు రాలేదు. వాళ్ళు వచ్చే దారి ఎంత పొడవో ఆమెకు బాగా తెలుసు. తన గుండీ బేటరీ ఒక ఆటోను లాగడానికి ఇంకెన్నేళ్ళు పడుతుందని ఎవరైనా అడిగితే తనేం చెబుతుంది?

ఊళ్ళోవాళ్ళు మాత్రం అలా అనుకోలేదు. "నీ కూతురు సైంటిస్టు కదేటి, తను సూసుకుంటాదిలే," అని దేముడమ్మ పైడితల్లికి ధైర్యం చెప్పేది. పైడితల్లి ఆ మాట పట్టుకుని, కావేరి ఇంటికొచ్చినప్పుడల్లా ముఖం చూసేది. ఏదైనా తెచ్చిందేమోనని.

అలా చదువుతూ చదువుతూ ఒకనాడు ఆమెకు నిజమైన మందొకటి దొరికింది. ఎలకలది కాదు. మనుషులకు ఇస్తున్నదే. వెన్నులోకి ఎక్కిస్తారు. కొందరిలో జబ్బు నెమ్మదించింది, కొందరు పోయిన బలం కాస్త తెచ్చుకున్నారు కూడా. అయితే అది అందరికీ కాదు. ఒకానొక జన్యువులో తప్పు ఉండి, దానివల్ల జబ్బు వచ్చినవాళ్ళకే. అలాంటివాళ్ళు నూటికి ఇద్దరో ముగ్గురో ఉంటారు.

కావేరి మర్నాడే డాక్టరు దుర్గాదేవి దగ్గరికి వెళ్ళింది.

"పరీక్ష చేయిద్దాం. కానీ ఒకటి ఆలోచించావా?" అంది ఆవిడ. "ఆ తప్పు మీ నాన్నలో ఉంటే, నీకూ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం."

"ఆలోచించేను మేడమ్."

"ఆలోచించి అడుగుతున్నావా?"

"ఉంటేనే కదండీ మందు."

ఆవిడ పరీక్షకు చీటీ రాసిచ్చింది. పరదేశి రక్తం తీసి పంపించారు.

ఇంట్లో ఈ సంగతి దాగలేదు. రక్తం ఎందుకని పైడితల్లి పట్టుబట్టి అడిగింది. వంశంలో ఉందేమో చూడటానికని కావేరి చెప్పింది. పైడితల్లి చేస్తున్న పని ఆపేసింది.

"అంటే? నీకూ వస్తాదా?"

"ఉంటేనమ్మా. ఉందో నేదో సూడ్డానికే."

పైడితల్లి ఆ రోజే వినాయకుడి గుడికి వెళ్ళి మొక్కుకుంది. ఆ తప్పు మొగుడిలో ఉండకూడదని. రోజూ పొద్దున్నే తలస్నానం చేసి, తడి చీరతోనే దణ్ణం పెట్టుకునేది. ఇంటికొచ్చిన రోజుల్లో గోడకవతలి గదిలో కావేరి, దేవుణ్ణి పెద్దగా నమ్మని పిల్ల, కళ్ళు మూసుకుని ఉండాలి ఉండాలి అనుకునేది. ఒకే ఇంట్లో తల్లీ కూతురూ ఒకే మనిషి కోసం ఎదురెదురు మొక్కులు మొక్కుతున్నారు. పైడితల్లికి ఆ సంగతి తెలియదు. తెలిస్తే ఏమయ్యేదో.

ఒక్కోసారి కావేరి తన కుడిచేతిని వెలుతురులో పెట్టి చూసుకునేది. బొటనవేలి పక్క కండ నొక్కుకునేది. భయం లేక కాదు. ఆ భయం పక్కనే పెట్టుకుని మొక్కుకునేది.

ఫలితం వచ్చిన రోజు ఆమె ల్యాబ్‌లో ఉంది. డాక్టరమ్మే ఫోన్ చేసింది. "లేదమ్మా. ఆ జన్యువులోనే కాదు, చూసిన వేటిలోనూ తప్పు లేదు. నీకు మంచిదే కదా," అని, వెంటనే గొంతు తగ్గించి, "సారీ," అంది.

కావేరి సాయంత్రం బస్సుకి ఇంటికొచ్చి చెప్పింది. పైడితల్లి రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది, సంతోషంతో. లేచి కొబ్బరికాయ పట్టుకుని గుడికి పరుగెత్తింది. దోవలో కనబడినవాళ్ళందరికీ, "మా గుంటకేటీ నేదంట," అని చెప్పుకుంటూ పోయింది.

పరదేశి మంచం మీద వెనక్కి చేరబడి ఉన్నాడు. అప్పటికి మాట ముద్దగా వస్తోంది. ఇంట్లోవాళ్ళకు తప్ప పైవాళ్ళకు అర్థమయ్యేది కాదు.

"ఒసే కావేరీ. ఇలా రా."

వచ్చి కూర్చుంది.

"మీ అమ్మ నవ్వుతంది. నువ్వేటి ఏడుస్తన్నావు?"

"ఏడవట్లేదు నాన్నా."

"నాలోన ఏదో ఉండాలనుకున్నావు. అది నేదు. అంతే కదా?"

ఆమె తలూపింది. అన్నాళ్ళుగా దాచినదంతా ఒక్క ఊపులో బయటపడిపోయింది. జబ్బు పేరు, దాని తోవ, చివర, అన్నీ చెప్పేసింది. ఆయన మధ్యలో ఆపలేదు.

"నాకు తెలిసినాదిలే," అన్నాడు, అంతా అయ్యాక. "ఎవలు సెప్పకపోతే మాత్రం, రోజుకో ఏలు పోతంటే తెల్దేటి." కాసేపు ఊపిరి తీసుకుని, "నీకు నేదు. అది సాలు నాకు. మీ అమ్మకి సెప్పకు," అన్నాడు.

ఆ తరవాతి నెలల్లో ఆయన కాళ్ళు పూర్తిగా పోయాయి. అన్నం జావయింది, ఆ జావ కూడా పొట్టలోకి వేసిన గొట్టంలోంచే. మరోసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు దుర్గాదేవి ఒకటి అడిగింది. బెంగుళూరులో ఒక పరిశోధనాలయం వాళ్ళు ఇలాంటి రోగుల చర్మం చిన్న ముక్క తీసుకుని, ఆ కణాల్ని మళ్ళీ పసికణాలుగా మార్చి, వాటి నుంచి నరకణాల్ని పెంచుతున్నారట. తలలోంచీ వెన్నులోంచీ నరకణాల్ని కోసి తియ్యలేరు కదా, ఇలాగైతే జబ్బు ఎలా మొదలవుతుందో గాజుపళ్ళెంలోనే చూడొచ్చు, మందులు వాటి మీద వేసి చూడొచ్చు. ఇష్టమైతేనే ఇవ్వమంది.

కావేరి తండ్రికి వివరించింది. ఆయన చెవులు రిక్కించి విన్నాడు.

"నాకు పనికొస్తాదా?"

ఆ ప్రశ్నకు వస్తుంది అని గానీ, చూద్దాం అని గానీ అనబోయి ఆమె ఆగింది. "నీకు కాదు నాన్నా. ఎనకొచ్చేవోళ్ళకి."

"ఎప్పుడికి?"

"తెల్దు."

పరదేశి నవ్వాడు. నవ్వు కూడా ముద్దగానే ఉంది. "తీసుకోమను. తోలే కదా." భుజం దగ్గర కందిగింజంత చర్మం తీశారు. కుట్టు పడ్డచోట మంటగా ఉందని ఆయన ఇంటికొచ్చేదాకా గొణిగాడు.

తరవాత ఊపిరికి యంత్రం వచ్చింది. ముఖానికి తొడుగు పెట్టి గాలి కొట్టే యంత్రం. అది లేకుండా ఆయన పడుకోలేడు, కొన్నాళ్ళకు కూర్చోనూ లేడు. యంత్రానికి కరెంటు కావాలి. చోడవరంలో గట్టిగా గాలి వీస్తే కరెంటు ఉండదు. అందుకని ఇన్వర్టరు పెట్టించారు. దానికి మామూలు సీసపు బేటరీ, బజార్లో దొరికేదే.

అది చూసి పైడితల్లి అమాయకంగా అడిగింది: "నువ్వు సేసే బేటరీ పెట్టకూడదేటే? కొన్నదెందుకు?"

కావేరి దగ్గర ల్యాబ్ సంచిలో ఒక గుండీ బేటరీ ఉంది. తీసి తల్లి అరచేతిలో పెట్టింది. పైడితల్లి దాన్ని ఇటూ అటూ తిప్పి, "ఇదేనా?" అంది. జాగ్రత్తగా తిరిగిచ్చేసింది. అన్నేళ్ళ చదువు గురించి ఎవరూ కావేరిని అంత చిన్నమాటతో అడగలేదు. తల్లి ఎత్తిపొడవాలని అనలేదు. అందుకే గుచ్చుకుంది.

కార్తీకంలో తుపాను వచ్చింది. మధ్యాహ్నానికే ఆకాశం మూసుకుపోయి, చెరకుతోటలు నేలకు పరుచుకున్నాయి. కరెంటు పోయింది. ఇన్వర్టరు సాయంత్రం దాకా లాగి, కూతపెట్టడం మొదలెట్టింది. కావేరి మేనమామ కొడుకు దిలీప్ రోలుగుంట రూట్లో షేరాటో నడుపుతాడు. ఫోన్ చేస్తే, పడిపోయిన కొమ్మల్ని తప్పించుకుంటూ ఆటోను వాకిట్లోకి తెచ్చాడు.

"ఇప్పుడేటి సెయ్యాలే?" అన్నాడు తడిసి ముద్దవుతూ.

"నీ ఆటో బేటరీ నుంచి వైర్లు లాగి ఇన్వర్టరుకి కలుపుదాం బావా. ఇంజిను ఆపకు."

ఆటో వాకిట్లో గుడగుడమంటూ ఉంటే, లోపల యంత్రం మళ్ళీ ఊపిరి పోసుకుంది. డీజిలు పొగ ఇల్లంతా కమ్మింది. పొగ ఇంకా లోపలికి రాకుండా పైడితల్లి తలుపుకి దుప్పటి పట్టుకుని నిలబడింది. కావేరి తండ్రి మంచం పక్కన కూర్చుని యంత్రం మీద ఎర్రదీపం వెలుగుతుందేమోనని చూస్తోంది. ఆయన మాట అప్పటికి పూర్తిగా పోయింది. కళ్ళు మాత్రం ఆమె మీదే ఉన్నాయి. ఆ చూపులో భయం ఉంది. ధైర్యం చెప్పాలని ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. తిరిగి పట్టుకోవడానికి ఆ వేళ్ళలో ఏమీ లేదు.

డీజిలు అయిపోవచ్చినప్పుడు వాన తెరిపిచ్చింది. దిలీపూ, ఇరుగుపొరుగూ కలిసి ఆయన్ను మంచంతో సహా వాకిట్లోకి మోసి, యంత్రంతో ఇన్వర్టరుతో పాటు అదే ఆటోలోకి ఎక్కించి, దారిలో డీజిలు పోయించుకుని, పట్నంలో జనరేటరున్న ఆసుపత్రికి చేర్చారు. ఆ గండం గడిచింది. "గుంట ఉండబట్టి బతికేడు," అన్నారు అందరూ. కావేరికి ఆ మాట వినాలనిపించలేదు. తను చేసిందల్లా రెండు వైర్లు కలపడం. ఏ మెకానిక్కైనా కలుపుతాడు.

పరదేశి పోయింది తుపానులో కాదు. అదయ్యాక, మంచు కురిసే రోజుల్లో, ఎండ బాగా కాస్తున్న ఒక ఉదయం. ఆ రోజు కరెంటు పోలేదు. యంత్రం సక్రమంగా గాలి కొడుతూనే ఉంది. తీసుకునే మనిషే లేడు. పైడితల్లి ముఖం తుడవడానికి తడిగుడ్డతో వచ్చి పిలిచింది, మళ్ళీ పిలిచింది. తరవాత కావేరి వచ్చి యంత్రం ఆపింది. ఇంట్లో అంత నిశ్శబ్దం చాలా నెలల తరవాత అదే మొదటిసారి.

దినకార్యాలయ్యాక ఆమె ల్యాబ్‌కి వెళ్ళింది. పిప్పి కాల్చింది. పరిశోధన ముందుకు కదిలింది. పిప్పిబొగ్గు మీద ఆమె వ్యాసం ఒక మంచి పత్రికలో వచ్చింది. గైడు స్వీట్లు పంచాడు. ఇంటికి ఫోన్ చేసి చెబితే పైడితల్లి, "మంచిదమ్మా," అంది.

వేసవిలో బెంగుళూరు నుంచి మెయిల్ వచ్చింది. పేర్లు లేకుండా, మర్యాదగా నాలుగు ముక్కలు. మీ తండ్రిగారు ఇచ్చిన చర్మకణాల నుంచి నరకణాలు చక్కగా పెరిగాయి, కుటుంబానికి కృతజ్ఞతలు. కింద ఒక ఫోటో. చీకట్లో పచ్చగా మెరుస్తూ, సన్నటి దారాలు చాచి ఒకదాన్నొకటి అందుకుంటున్న కణాలు. ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు, చూపించాలా వద్దా అని సాయంత్రం దాకా తటపటాయించి, చివరికి కావేరి ఫోన్ తల్లి చేతికిచ్చింది.

పైడితల్లి వెలుతురులోకి జరిగి చూసింది. "ఏటియ్యి?"

"నాన్నయి. ఆ రోజు భుజం కాడ తోలు తీసేరు కదా, దాన్నుంచి పెంచేరు."

"బతికున్నాయా?"

"బతికే ఉన్నాయమ్మా."

పైడితల్లి వేలితో అద్దం మీద తాకింది. ఫోటో పెద్దదై పక్కకు జారిపోయింది. కంగారుపడి కూతురికిచ్చి సరిచేయించుకుని మళ్ళీ చూసింది.

"అయితే ఈటికి బాగున్నట్టేనా?"

కావేరికి అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "నేదమ్మా. ఈటికీ అదే వస్తాది. ఎలాగొస్తాదో సూడ్డానికే పెంచుతన్నారు."

"అక్కడా వదల్నేదన్నమాట," అంది పైడితల్లి. మళ్ళీ ఫోటో వైపు చూస్తూ, "ఈటికైనా మందు దొరుకుతాదంటావా?" అని అడిగింది.

"తెల్దమ్మా."

పైడితల్లి ఫోన్ తిరిగిచ్చేసి, కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "బస్సుకి ఏళవుతంది. తినేసెల్లు," అంటూ వంటింట్లోకి వెళ్ళి కంచం కడగడం మొదలుపెట్టింది.